నల్లగొండలో మోకా పాట్ కపుచినో: నాలుగేళ్లు వాడాక

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రూమ్ ఖాళీ చేసి నల్లగొండ వచ్చినప్పుడు, పది రోజుల్లో తిరిగి వెళ్తాననుకున్నాను. ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చేయమన్నారు. ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. ఊళ్లో దేనికీ లోటనిపించలేదు, సాయంత్రం నాలుగింటికి ఆఫీసు కింద తాగే కపుచినో, అంటే పాల నురుగు పోసిన కాఫీ, ఒక్కటి తప్ప. క్లాక్ టవర్ దగ్గర నిలబడితే చాయ్ ఎంత కావాలంటే అంత. మా బాపు లెక్కలో అయితే కాఫీ అంటే తలనొప్పి వచ్చినప్పుడు తాగే మందు. అందుకని 2021లో వెయ్యి రూపాయల లోపు స్టవ్ మీద పెట్టి కాఫీ డికాక్షన్ తీసే ఒక అల్యూమినియం మోకా పాట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. నాలుగేళ్లు దాటింది. వారానికి ఐదు రోజులైనా స్టవ్ ఎక్కుతుంది కాబట్టి, దాని గురించి చెప్పే హక్కు వచ్చిందనుకుంటున్నా.

ముందే చెప్పేస్తాను, మోకా పాట్ కపుచినో చేయదు. చిక్కటి డికాక్షన్ చేస్తుంది, ఆ పని బాగా చేస్తుంది. అది కపుచినో అయ్యేదీ కానిదీ పాల దగ్గర తేలుతుంది. ఈ సంగతి తెలిసే దాకా, ఏడాది పాటు తప్పంతా పాట్ మీదే వేశాను.

"గిదేం కుక్కర్‌ రా, విజిల్ లేదు?" అని అమ్మ మొదటి రోజే అడిగింది. కుక్కర్ కాదు గానీ ఆవిరితోనే పని. కింద నీళ్ల అర, మధ్యలో పొడి పోసే గరాటు, పైన డికాక్షన్ చేరే జగ్గు. నీళ్లు కాగుతుంటే వాటి పైనున్న గాలీ ఆవిరీ ఉబ్బి నీళ్లను నొక్కుతాయి. నీళ్లకు గరాటు కాడ ఒక్కటే దారి. అందులోంచి పైకెక్కి, పొడిలోంచి దూరి, జగ్గులో పడతాయి. మన ఫిల్టర్‌లో డికాక్షన్ దానంతటది కిందికి దిగుతుంది, ఇందులో తోస్తే పైకెక్కుతుంది. ఒత్తిడిని కొలిచే బార్లలో చెబితే ఈ తోపు ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంటుంది. కాఫీ షాపు ఎస్ప్రెస్సో మిషన్‌ది 9 బార్లు. అందుకే షాపు కాఫీ మీద తేలే బంగారు రంగు తెట్టు దీంట్లో రాదు. వస్తుందేమోనని నేను రెండు నెలలు వీడియోలు చూశాను. 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి దీన్ని తెచ్చినప్పటి ఎనిమిది పలకల ఆకారం ఇప్పటికీ పెద్దగా మారలేదు. నాదీ ఆ నమూనాకు నకలే.

మొదటి వారంలోనే ఒకసారి హడలగొట్టింది. ఇంట్లో చికోరీ కలిసిన ఫిల్టర్ కాఫీ పొడి ఉంటే అదే గరాటు నిండా పోసి, ఇంకా గట్టిగా వస్తుందని చెంచాతో అదిమాను. ఎంతసేపటికీ పైకి చుక్క రాలేదు. ఉన్నట్టుండి పక్కనున్న బుల్లి సేఫ్టీ వాల్వ్ లోంచి బుస్సుమని ఆవిరి కొట్టింది. "బంద్ చెయ్, పేలుతది!" అని అమ్మ ఒక్క ఉరుకున వంటింట్లోంచి బయటపడింది. పాట్ తప్పేమీ లేదు, వాల్వ్ దాని పని అది చేసింది. చికోరీ తడిస్తే బంకలా పట్టేస్తుంది, ఆ పొడి ముందే మెత్తన, పైగా నేను అదిమాను. ఇక నీళ్లకు దారెక్కడిది? పొడిని గరాటు అంచు దాకా వదులుగా పోసి, పైన వేలితో చదును చేస్తే చాలు.

ఇప్పుడు చికోరీ లేని అరకు కాఫీ తెప్పిస్తున్నాను. మోకా పాట్‌కని చెబితే ఆ సైజులో పట్టి పంపుతారు. చేతికి మెత్తటి ఉప్పులా తగలాలి. ఒకసారి గింజలు తెచ్చి మిక్సీలో పట్టాను. సగం రవ్వ, సగం పిండి అయింది. రవ్వ వల్ల నీళ్లతనం, పిండి వల్ల చేదు, రెండూ ఒకే కప్పులో. ఉత్త అరబికా రకం గింజల పొడి అయితే పాలు పోయగానే తేలిపోతున్నట్టు అనిపించి, కొంచెం రోబస్టా, అంటే ఇంకా ఘాటైన రకం, కలిసిన పొడికి మారాను. కపుచినోకి నాకదే నచ్చింది.

స్టవ్ దగ్గర మీకూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మన గ్యాస్ స్టవ్ కాళ్ల మధ్య ఖాళీలో ఈ చిన్న పాట్ నిలబడదు, ఒరిగిపోతుంది. దానికోసం ప్రత్యేకం స్టాండు అమ్ముతారు గానీ నేను పుల్కాలు కాల్చే జాలీ వేసి పెడుతున్నాను. చిన్న బర్నర్, మంట సిమ్‌లో. మంట పాట్ అడుగు దాటి బయటికి రాకూడదు. వచ్చింది కాబట్టే నా పాట్ పిడి కింది కొస కరిగి వంకర పోయింది. ఇంకో చిట్కా, కింది అరలో చల్లటి నీళ్లు కాకుండా ముందే కాచినవి, వాల్వ్‌కు కొంచెం కింద దాకా పోయండి. చల్లవి పోస్తే అవి కాగేలోపు మధ్యలో పొడి మాడినట్టయి చేదు ఎక్కుతుంది. వేడి అరను గుడ్డతో పట్టుకొని బిగించాలి, మరిచిపోతే చెయ్యి కాలుతుంది. మూత తెరిచే ఉంచి చూడండి. తేనె రంగు ధార పల్చబడి గురగుర మొదలవగానే దింపి, అడుగు భాగాన్ని తడి గుడ్డ మీద పెట్టేయాలి. ఆ గురగుర పూర్తయ్యే దాకా ఆగితే చివర వచ్చేదంతా చేదే.

ఇక పాలు. మాకు పాలు పోసే ఆయన పానగల్లు వైపు నుంచి వస్తాడు. బర్రె పాలు. కాచి చల్లారిస్తే మీగడ దుప్పటిలా కడుతుంది. చాయ్‌కి, పెరుగుకి వాటికి సాటి లేదు. కపుచినో నురుగు దగ్గరే నన్ను ఏడిపించాయి. మొదట కవ్వంతో చిలికాను, పెద్ద పెద్ద బుడగలు లేచి కప్పులో పోసేలోపు సగం పగిలిపోయాయి. హోటల్ కాఫీలా రెండు గ్లాసులతో ఎత్తి పోశాను, అదీ అంతే. బ్యాటరీతో తిరిగే బుల్లి కవ్వం కొన్నాను. మీగడ తునకలు దాని తీగకు చుట్టుకుని, మోటారు మూలిగింది. కపుచినో అనే పేరు కపుచిన్ సన్యాసుల గోధుమ రంగు అంగీని బట్టి వచ్చింది. నా కప్పు రంగు మాత్రం అంగీకి కాదు, సున్నం గోడకు దగ్గరగా ఉండేది.

దారి దొరికింది అమ్మ నెయ్యి వల్ల. కాచి ఫ్రిజ్‌లో పెట్టిన పాల మీద మీగడంతా ఒక పొద్దున నెయ్యికని తీసి పెట్టుకుంది. వేరే పాలు లేక ఆ మిగిలినవే వేడి చేసి బ్యాటరీ కవ్వం పెట్టాను. సన్నటి నురుగు లేచి, కప్పులో పోశాక కూడా నిలబడింది. తర్వాత చదివితే తెలిసింది. నురుగును నిలబెట్టేది పాలలోని ప్రోటీన్, విడిపోయి తేలే కొవ్వేమో బుడగ గోడను పగలగొడుతుంది. చాలా ప్యాకెట్ పాలలో కొవ్వును చిన్న చిన్న తునకలు చేసి కలిపేస్తారు కాబట్టి అంత ఇబ్బంది ఉండదు. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతమే, ఫుల్ క్రీమ్‌లో 6, మా బర్రె పాలలో అంతకన్నా ఎక్కువే ఉంటుందేమో మరి. ఇప్పుడు మీగడ తీసిన పాలుంటే అవి, లేకపోతే టోన్డ్ ప్యాకెట్.

పాలు చల్లగా మొదలుపెట్టాలి, పొంగనివ్వకూడదు. 60 నుంచి 65 డిగ్రీల దాకా చాలు, అంటే గిన్నె పక్క మీద వేలు పెడితే చుర్రుమని తీసేసేంత. అంతకు మించితే కాచిన పాల వాసన వచ్చి, పాలకుండే తీపి పోతుంది. దీని మీద ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. "పొంగకుండ పాలెట్ల తాగుతవ్ బిడ్డా, పచ్చి పాలే కదా?" అని అమ్మ. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసి వస్తాయి కాబట్టి వెచ్చబెడితే సరిపోతుంది. విడి పాలకు మాత్రం అమ్మ మాటే రైటు. వాటిని ఒకసారి పూర్తిగా కాచి, ఫ్రిజ్‌లో చల్లార్చి, తర్వాతే కపుచినోకి వాడాలి.

మూడో ఏడు ఒక ఫ్రెంచ్ ప్రెస్, అంటే కర్రకు జల్లెడ బిగించి కిందికి నొక్కే కాఫీ జగ్గు, కొన్నాను, కాఫీకి కాదు, నురుగుకి. వెచ్చటి పాలు మూడో వంతు పోసి, దాని జల్లెడ కర్రను ఇరవై, పాతిక సార్లు పైకీ కిందికీ ఆడిస్తే పాలు రెట్టింపవుతాయి. గట్టు మీద రెండుసార్లు తట్టితే పెద్ద బుడగలు పోతాయి. బ్యాటరీ కవ్వం కంటే ఇది ఎంతో నయం. అయినా షాపులో ఆవిరి గొట్టంతో చేసిన పట్టు లాంటి నురుగు కాదిది. కప్పు మీద ఆకులు, గుండెలు గీయాలనే కోరిక ఉంటే ఈ ఖర్చు పెట్టకండి.

కొలతల్లో మోసపోయేది ఇంకోటి. డబ్బా మీద మూడు కప్పులని ఉంటుంది. అది 50 మిల్లీలీటర్ల లోపు ఇటలీ కప్పు. నాకు 15 గ్రాముల పొడితో రెండు కపుచినోలకు సరిపోయే డికాక్షన్ వస్తుంది, ఒక్కోదానికి సుమారు 60 మిల్లీలీటర్లు, దాని మీద 120 పాలు. ఒక్కడినే ఉన్నానని సగం పొడితో చేస్తే నీళ్లలా వచ్చింది. మూడు కప్పులదంటే మూడు కప్పులకు నింపాల్సిందే. మిగిలింది ఫ్రిజ్‌లో పెడతాను. మే నెలలో మా వంటింట్లో నిలబడి వేడి కాఫీ తాగే ధైర్యం నాకు లేదు, ఐస్ ముక్కలేసుకుంటాను.

నీళ్ల గురించి నల్లగొండ మనిషికి చెప్పాలా? ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, పటికా సున్నంతో చేసే నల్లగొండ టెక్నిక్. మా బోరు నీళ్లు బాగా ఉప్పు. ఆరు నెలలు అవే పోస్తే కింది అర లోపల తెల్లగా చెక్కు కట్టింది, వాల్వ్ చుట్టూ కూడా. రుచి సంగతి తర్వాత, వాల్వ్ పూడుకుంటే ప్రమాదం. ఇప్పుడు తాగే నీళ్లే పోస్తాను. నెలకోసారి పొడి లేకుండా, నీళ్లలో ఒక నకిరేకల్ నిమ్మకాయ పిండి స్టవ్ మీద పెట్టి, వెంటనే కడిగేస్తాను. రాత్రంతా నానబెట్టొద్దు, అల్యూమినియం కదా. ఒకసారి అమ్మ చింతపండు, పీచు పెట్టి ఇత్తడి బిందెలా తళతళలాడేట్టు తోమింది. మరుసటి రోజు కాఫీలో లోహం రుచి. పాపం ప్రేమతోనే చేసింది. రెండు మూడు సార్లు కాచి పారబోశాక మామూలైంది. కడగడానికి వేడి నీళ్లు, చెయ్యి చాలు. కడిగాక విడదీసి ఆరబెట్టాలి.

చెడిపోయేదల్లా మధ్యలోని రబ్బరు రింగు. ఏడాదిన్నరకు గట్టిపడి, మర దగ్గర ఆవిరి కారుతుంది, డికాక్షన్ సగమే వస్తుంది. ప్రకాశం బజార్‌లో కుక్కర్లు బాగుచేసే ఆయనకు చూపిస్తే, "ఇంత చిన్న కుక్కర్ల ఏం వండుతరు సార్?" అన్నాడు. పాత గ్యాస్కెట్ కోసి ఒక రింగు చేసి ఇచ్చాడు గానీ, రెండు రోజులే ఆగింది. ఆన్‌లైన్‌లో మూడు రింగులు కలిపి తెప్పించుకున్నాను. రెండు వాడేశాను.

ఖర్చు చూస్తే పావు కిలో పొడి పదహారు సార్లకు వస్తుంది. పొడీ పాలూ కలిపి నాకు కప్పుకు ఇరవై, పాతిక రూపాయలు పడుతోంది. హైదరాబాద్‌లో దానికే రెండు వందలు ఇచ్చేవాణ్ని. టైమే ఖరీదు. అన్నీ చేతికి అందేట్టు పెట్టుకున్నా పావుగంట, కడగడానికి ఇంకో ఐదు నిమిషాలు. పొద్దున ఆఫీసుకు ఉరికేవాళ్లకు ఇది పనికిరాదు.

అమ్మ మిగిలిన డికాక్షన్‌ను మీగడ పాలలో పోసి, రెండు చెంచాల చక్కెర వేసుకొని తాగుతుంది. నురుగు అడగదు. బాపు ఇప్పటికీ చాయే. ఈ పాట్ పోతే మళ్లీ మోకా పాటే కొంటాను, ఈసారి స్టీలుది. ఇండక్షన్ మీద అల్యూమినియం పనిచేయదు, సిలిండర్ అయిపోయిన రోజు ఆ తేడా తెలిసింది. రింగులు మాత్రం పాట్‌తో పాటే ఆర్డర్ పెడతాను.