పోర్ట్ అని చెప్పి కొత్త పాలసీ చేసిచ్చారు, మీ ఇంట్లో కాగితాలు ఒకసారి చూసుకోండి

మీ అమ్మానాన్నలకు ఇప్పటికే హెల్త్ ఇన్సూరెన్స్ ఉండి, అంతకంటే మంచి కంపెనీకి పోర్ట్ చేస్తానని, అంటే పాత పాలసీలో నిండిన ఏళ్లు పోకుండా మారుస్తానని ఏజెంట్ ఎవరైనా అంటుంటే, పైసలు కట్టే ముందు ఇది చదవండి. మా నాయన విషయంలో ఏం జరిగిందో రాస్తున్నాను. కంపెనీ పేరు, ఏజెంట్ పేరు రాయడం లేదు. ఇది ఒక కంపెనీకే పరిమితమైన సంగతి కాదు.

మాది నల్లగొండ దగ్గర ఊరు. బత్తాయి తోట ఉంది. 2020లో కరోనా అప్పుడు భయమై, అమ్మకు నాయనకు కలిపి 5 లక్షల పాలసీ నేనే కంపెనీ వెబ్‌సైట్‌లో తీసుకున్నాను. మధ్యలో ఏజెంట్ లేడు. కంపెనీ డాక్టర్ ఫోన్ చేసి నాయనతోనే మాట్లాడాడు. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఏ గోళీలు వేసుకుంటున్నారు అని ఒక్కొక్కటే అడిగాడు. నాయన షుగర్ ఉందని చెప్పాడు. ప్రీమియం కొంత పెంచారు, షుగర్‌తో వచ్చే జబ్బుల ఖర్చు ఇవ్వడానికి నాలుగేళ్లు ఆగాలన్నారు. దీన్నే వెయిటింగ్ అంటారు. ఒప్పుకున్నాం. ఏటా జులైలో తేదీ తప్పకుండా కట్టాం. 2024 జులైకి ఆ నాలుగేళ్లు నిండాయి.

సరిగ్గా ఆ నెలలోనే మా చుట్టాల్లో నాకు బావ వరుస అయ్యే ఏజెంట్ ఇంటికొచ్చాడు. "నువ్వు కట్టే పైసలకే పది లక్షల పాలసీ వస్తది బామ్మర్దీ. పాత నాలుగేండ్లు యాడికీ పోవు, పోర్ట్ చేస్తున్న. రంది పెట్టుకోకు" అన్నాడు. మొదటి ప్రీమియంలో మూడు వేలు తన కమిషన్ నుంచి వాపస్ ఇస్తానన్నాడు. నేను తీసుకున్నాను. అలా కమిషన్ వాపస్ ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ బీమా చట్టం సెక్షన్ 41 కింద నేరమని, 10 లక్షల దాకా జరిమానా ఉందని నాకు తర్వాత తెలిసింది. ఈ తప్పు నాది, దాచను.

2025 అక్టోబర్‌లో బత్తాయి సంచులు ఎత్తుతుంటే నాయనకు గజ్జల దగ్గర వాపొచ్చింది, నొప్పి ఆగలేదు. హెర్నియా అన్నారు. ఎల్బీ నగర్ వైపు ఆసుపత్రిలో చేర్పించి క్యాష్‌లెస్‌కు, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టేలా, కాగితాలు పెట్టాం. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: హెర్నియాకు రెండేళ్ల వెయిటింగ్ ఉంది, పాలసీ మొదలై 15 నెలలే అయింది, ఇవ్వలేం. నేను కౌంటర్ దగ్గర గొడవపడ్డాను. ఐదేళ్ల నుంచి కడుతున్నామన్నాను. అక్కడున్న అమ్మాయి పాలసీ కాగితం తిప్పి చూపించింది. మొదటి పాలసీ తేదీ అనే చోట 2024 జులై అని ఉంది. పాత పాలసీ వివరాల దగ్గర ఖాళీ. బావ పోర్ట్ చేయలేదు. పాతదాన్ని ఆగిపోనిచ్చి, కొత్త మనిషికి చేసినట్టు కొత్త పాలసీ చేశాడు.

నిజంగా పోర్ట్ చేసి ఉంటే హెర్నియా వెయిటింగ్ 2022లోనే అయిపోయిన లెక్క. పెంచిన ఐదు లక్షలకు మాత్రం కొత్తగా ఆగాలి, పాత ఐదు లక్షల వరకు ఆగక్కరలేదు. మా బిల్లు 1,12,000. మొత్తం పాత ఐదు లక్షల్లోనే వచ్చేది. ఆ సీజన్ బత్తాయి పైసలు చేతికి వచ్చినవి వచ్చినట్టే ఆసుపత్రికి పోయాయి.

ఎందుకిలా చేశాడని చాలా ఆలోచించాను. పోర్ట్ అంటే కొత్త కంపెనీ పాత కంపెనీ నుంచి రికార్డు తెప్పించుకుంటుంది. షుగర్ అని చూసి ప్రీమియం పెంచవచ్చు, అసలు వద్దనవచ్చు కూడా. రెన్యూవల్‌కు కనీసం 45 రోజుల ముందే అడగాలి. బావ వచ్చిందే రెన్యూవల్‌కు పది రోజుల ముందు. పోర్ట్‌కు టైమ్ లేదని చెబితే నేను పాతదే కట్టేవాణ్ని, అతనికి పాలసీ పోయేది. నాకు అర్థమైంది ఇంతే.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంటికొచ్చాక తగిలింది. పాలసీ కోసం మొదట నింపిచ్చే ప్రపోజల్ ఫారం కాపీ కంపెనీ నుంచి తెప్పించుకున్నాను. షుగర్ ఉందా అన్న చోట 'లేదు'. బీపీ 'లేదు'. కింద నాయన సంతకం. ఫోన్ నంబర్ బావది, మెయిల్ బావది. అందుకే కంపెనీ పంపిన ఒక్క మెసేజ్ కూడా మాకు రాలేదు. కొత్త పాలసీ నచ్చకపోతే కాగితాలు అందిన 30 రోజుల్లో వాపస్ చేసుకునే హక్కు ఉంటుంది. అవి మెయిల్‌లో బావకు అందాయి, మా చేతికి వచ్చేసరికి మూడు నెలలు దాటింది.

నాయనను అడిగితే "సంతకం పెట్టుమన్నడు, పెట్టిన" అన్నాడు. ఆయన్ను అనడానికి నాకు నోరు రాలేదు. మా ఊళ్లలో బీమా అంటే రైతు బీమా. 2018 నుంచి ప్రభుత్వమే ఎల్‌ఐసీకి ప్రీమియం కడుతుంది, 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు వస్తాయి. జబ్బుల సంగతి ఎవరూ అడగరు. సంతకం వెనక ఇన్ని ప్రశ్నలుంటాయని ఆయనకెలా తెలుస్తుంది? చదువుకున్న నేను ఆ రోజు పక్కన కూర్చుని ఉండాల్సింది.

ఏజెంట్లందరూ ఇలాంటివాళ్లే అనడం లేదు. జడ్చర్లలో నా దోస్తు వాళ్ల నాన్నకు రాత్రి గుండెపోటు వస్తే, ఏజెంట్ మహబూబ్‌నగర్ నుంచి బండి మీద వచ్చి కాగితాలన్నీ తనే నింపాడు. నేరుగా కొంటే అలా వచ్చే మనిషి ఉండడు. టోల్ ఫ్రీకి చేసిన ప్రతిసారీ కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాలి, అదీ అనుభవించాను. అయినా పెద్దవాళ్లకు, ముందే జబ్బులున్నవాళ్లకు నేను నేరుగా కొనడమే మేలంటాను. అక్కడ ప్రశ్న మనల్నే అడుగుతారు, మనం చెప్పిందే రికార్డవుతుంది. ఏజెంట్ దగ్గర కొన్నా ఫారం మీరే నింపండి. ఫోన్ నంబర్, మెయిల్ మీవే ఇవ్వండి. నగదు ఇవ్వకండి, కంపెనీ లింకులోనే కట్టండి. పోర్ట్ అంటే కొత్త కంపెనీ పోర్ట్‌కు ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా పాత పాలసీని వదలకండి. పాలసీ రాగానే మొదటి తేదీ పాతదే ఉందో లేదో చూడండి. ఇవాళే చూడండి, మా లాగా ఆసుపత్రి కౌంటర్ దగ్గర కాదు.

బావ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. పోర్ట్ చేస్తున్నానని అతను వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్‌లు, నేను పంపిన పాత పాలసీ ఫొటో నా దగ్గరున్నాయి. వాటితో ముందు కంపెనీకి ఫిర్యాదు రాశాను. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారికి పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపే వెళ్లాలి. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా వెబ్‌సైట్‌లోనూ ఫిర్యాదు పెట్టాను. చదువురానివాళ్లు 155255కు ఫోన్ చేసినా రాసుకుంటారు.

షుగర్ సంగతి దాచి పాలసీ అలాగే నడిపిద్దామని ఇంట్లో కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. రేపు పెద్ద జబ్బొచ్చినప్పుడు ఆసుపత్రి కేస్ షీట్‌లో షుగర్ అని రాస్తారు, అప్పుడు మొత్తం పాలసీనే రద్దు చేస్తారు. అందుకే నాయనకు షుగర్, బీపీ ఉన్నాయని కంపెనీకి నేనే రాసి పంపాను. చాలా రోజులు టెన్షన్ పడ్డాం. చివరకు ప్రీమియం పెంచి, రద్దు చేయకుండా ఉంచారు. షుగర్ వెయిటింగ్ మూడేళ్లు, 2027 జులైలో అయిపోతుంది. అప్పటిదాకా షుగర్ వల్ల నాయనకు ఏమొచ్చినా పైసలు మేమే పెట్టుకోవాలి.