పాత టర్బో కారు, గడ్డకట్టే చలి: 0డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిళ్లలో ఏది మేలు?

ముందే చెప్పేస్తాను, నా ఓటు 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్‌కే. తెల్లవారుజామున మైనస్ 25 కిందికి తరచూ పడిపోయే చోట కారు ఆరుబయట ఉంటే మాత్రం 0డబ్ల్యూ-40. ఇన్నేళ్లూ 10డబ్ల్యూ-40 పోసి ఏమీ కాలేదు అనేవాళ్లతో గొడవ పెట్టుకోను, వాళ్ల ఇంజిన్ వాళ్లిష్టం. కానీ ఎనభైల్లోనో తొంభైల్లోనో తయారైన, టర్బో (పొగ ఒత్తిడితో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనంగా గాలి తోసే చక్రం) ఉన్న స్పోర్ట్స్ కారుని చలికాలంలో కూడా నడిపేవాళ్లకి అది నా లెక్కలో మూడో స్థానమే.

ఎందుకో చెప్పాలంటే డబ్బా మీది అంకెల సంగతి తేల్చుకోవాలి. డబ్ల్యూ అంటే వింటర్: ముందున్న అంకె చలిలో ఆయిల్ తీరుకి, వెనకున్నది వేడెక్కాక దాని చిక్కదనానికి గుర్తు. ఆ ముందు అంకె చూసి "సున్నా అంటే నీళ్లలా పల్చగా ఉంటుంది, పాత ఇంజిన్‌కి పనికిరాదు" అని చాలామంది భయపడతారు. చలిలో ఏ ఆయిలూ పల్చగా ఉండదండీ. వేడెక్కాక ఉండే చిక్కదనంతో పోలిస్తే చల్లటి ఆయిల్ ఏదైనా ఎన్నో రెట్లు చిక్కగానే ఉంటుంది, 0డబ్ల్యూ అన్నది మిగతావాటికంటే తక్కువ చిక్కబడుతుంది, అంతే తేడా. ఆయిల్ గ్రేడులు నిర్ణయించే ఎస్‌ఏఈ (అమెరికా ఇంజినీర్ల సంస్థ) ప్రమాణంలో దీనికి రెండు పరీక్షలున్నాయి. స్టార్టర్ తిప్పితే ఇంజిన్ తిరుగుతుందా అనేది ఒకటి, తిరిగాక పంపు ఆయిల్‌ని లాగగలదా అనేది రెండోది. 10డబ్ల్యూకి మొదటి పరీక్ష మైనస్ 25 దగ్గర, రెండోది మైనస్ 30 దగ్గర చేస్తారు. 5డబ్ల్యూకి మైనస్ 30, మైనస్ 35. 0డబ్ల్యూకి మైనస్ 35, మైనస్ 40. రెండో పరీక్షకి అయిదు డిగ్రీలు ఎక్కువ చలి పెట్టడంలో మంచి ఆలోచన ఉంది: ఇంజిన్ అసలు స్టార్ట్ కాకపోతే పోయేది ఆ ఉదయం మాత్రమే, స్టార్ట్ అయ్యాక పంపుకి ఆయిల్ అందకపోతే పోయేది బేరింగులు.

ఇవన్నీ కొత్త ఆయిల్‌కి చేసే పరీక్షలు. కొన్ని వేల కిలోమీటర్లు టర్బో వేడి తిన్న ఆయిల్ ఆక్సిడైజ్ అయి చలిలో ఇంకా మొరాయిస్తుంది. కాబట్టి "మా దగ్గర మైనస్ 20 దాటదు, 10డబ్ల్యూ మైనస్ 25 దాకా పనిచేస్తుంది కదా" అన్న లెక్క కాగితం మీద బాగుంటుంది, మార్చాక మూడు నెలలైన ఆయిల్‌తో అంత బాగుండదు. నేనూ ఒక చలికాలం ఇదే లెక్క వేసుకుని 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్‌తో నెట్టుకొచ్చాను. స్టార్ట్ చేసిన ప్రతిసారీ హైడ్రాలిక్ ట్యాపెట్లు (వాల్వులని కదిలించే, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే భాగాలు) టకటకమంటూ చాలాసేపు వాయించేవి. తర్వాతి మార్పుకి 5డబ్ల్యూకి వెళ్తే ఆ చప్పుడు రెండు మూడు క్షణాలకి తగ్గింది.

ట్యాపెట్లయితే చప్పుడు చేసి చెప్తాయి, టర్బో చెప్పదు. లోపలి షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, పాతకాలం టర్బోల్లో ఎక్కువవాటికి బాల్ బేరింగులు కూడా ఉండవు, ఆయిల్ పొర మీదే తేలుతుంది. అక్కడికి సన్నటి పైపులో ఆయిల్ వెళ్లాలి, పని చూసుకుని తన బరువుతోనే కిందికి జారి సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) పడాలి. మరీ చిక్కటి ఆయిల్ వెళ్లడానికీ బద్ధకిస్తుంది, దిగడానికీ బద్ధకిస్తుంది. ఇక్కడ ఇంకో మోసం ఉంది. చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు పైకంటా లేస్తుంది, మనం బ్రహ్మాండం అనుకుంటాం. ప్రెషర్ ఎక్కువుందంటే ఆయిల్ ఎక్కువ పారుతోందని కాదు, పారడానికి కష్టపడుతోందని. ఆ ఒత్తిడికి రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని కొంత ఆయిల్ బేరింగుల దాకా పోకుండానే వెనక్కి వచ్చేస్తుంది, ఫిల్టరులోని బైపాస్ వాల్వ్ తెరుచుకుంటే మిగిలింది వడకట్టకుండానే లోపలికి పోతుంది.

మరి అంత చలైతే 5డబ్ల్యూ-30 పోసేస్తే పోలా అనిపిస్తుంది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. చలికి సంబంధించిన అంకె ముందుది, వెనక అంకెని చలి కోసం తగ్గించుకోవడం వల్ల స్టార్టింగ్‌లో కలిసొచ్చేది చాలా స్వల్పం. బయట మైనస్ 20 ఉన్నా సరే, హైవే మీద బూస్ట్‌తో (టర్బో గట్టిగా గాలి తోస్తుండగా) నడిపినప్పుడు టర్బో బేరింగు దగ్గర వేడికి బయటి వాతావరణంతో పనిలేదు. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 లోపు. అంతకంటే నేను ఎక్కువ చూసేది హెచ్‌టీహెచ్‌ఎస్ అంకె, అంటే 150 డిగ్రీల దగ్గర గట్టిగా రాపిడి పడుతున్నప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందన్నది. డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదార్ల సంఘం) ఏ3/బీ4 అని రాసి ఉంటే అది కనీసం 3.5 ఉండాలి. 30 గ్రేడు ఆయిల్‌కి 2.9 ఉన్నా ఎస్‌ఏఈ ఒప్పుకుంటుంది. పాత టర్బో ఇంజిన్లు గీసినవాళ్లు ఆ పల్చటి ఆయిల్‌ని దృష్టిలో పెట్టుకోలేదు. ఏ3/బీ4 రాసున్న 0డబ్ల్యూ-30లు కూడా దొరుకుతాయి, అవి వేరే జాతి, వాటిని నేను తీసిపారేయను.

30 వద్దనడానికి ఇంకో కారణం కామ్‌షాఫ్ట్, అంటే వాల్వులని తెరిచే కడ్డీ. అరుగుదల ఆపడానికి ఆయిల్‌లో కలిపే జెడ్‌డీడీపీ అనే రసాయనంలో ఫాస్ఫరస్ ఉంటుంది, అది పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుందని 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌ఎమ్ ప్రమాణం నుంచి దాన్ని 0.08 శాతానికి కట్టేశారు. ఆ కట్టుబాటు 30 గ్రేడుకి, అంతకంటే పల్చటివాటికి. 40కి లేదు. కామ్ మీద నేరుగా జారే ట్యాపెట్లున్న పాత ఇంజిన్‌కి ఇది చిన్న విషయం కాదు.

ఇక అసలు పోటీ 0డబ్ల్యూ-40కీ 5డబ్ల్యూ-40కీ మధ్య. వేడి మీద రెండూ 40లే కాబట్టి "0 అయితే లీకవుతుంది" అన్న మాట వేడెక్కిన ఇంజిన్ విషయంలో నిలవదు. తేడా తయారీలో ఉంది. ముందు అంకెకీ వెనక అంకెకీ దూరం పెరిగేకొద్దీ మంచి బేస్ ఆయిల్ (ఏమీ కలపని మూల ఆయిల్) అయినా వాడాలి, చిక్కదనం నిలబెట్టే పాలిమర్లు అయినా ఎక్కువ కలపాలి. టర్బో, కామ్ చెయిన్, పంపు నలుగుడికి ఆ పాలిమర్లు తెగుతాయి, తెగితే 40 కాస్తా మెల్లగా 30 వైపు జారుతుంది. మంచి 0డబ్ల్యూ-40కి ఈ బాధ తక్కువ. పోర్షె కంపెనీ ఆయిళ్లకిచ్చే ఏ40 ఆమోదంలో 0డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 రెండు గ్రేడులూ ఉన్నాయి, అలాంటి ఆమోదం డబ్బా మీద కనిపిస్తే కళ్లు మూసుకుని పోసుకోవచ్చు. ఏ ఆమోదమూ లేని 0డబ్ల్యూ-40 కంటే ఆమోదమున్న 5డబ్ల్యూ-40 వెయ్యి రెట్లు నయం. మైనస్ 15, మైనస్ 20 చలికి 5డబ్ల్యూ ఎటూ సరిపోతుంది, అదనంగా వచ్చే ఆ అయిదు డిగ్రీలతో మనకి పనేముంది?

15డబ్ల్యూ-50, 20డబ్ల్యూ-50 అని పాత మాన్యువల్లో ఉందంటారా, దాని పక్కనే ఉష్ణోగ్రతల పట్టిక కూడా ఉంటుంది, చూడండి. చలికాలమంతా కవరు కప్పి పెట్టి ఎండాకాలమే తీసే కారుకి 15డబ్ల్యూ-50 చక్కటి ఆయిల్. మంచులో స్టార్ట్ చేసే కారుకి కాదు. 10డబ్ల్యూ-60 గురించి ఇక్కడ మాట్లాడటమే అనవసరం. మాజ్దా ఆర్‌ఎక్స్-7 లాంటి రోటరీ ఉన్నవాళ్లు ఈ లెక్కంతా పక్కన పెట్టండి, అది ఇంజిన్ ఆయిల్‌ని కొంచెం కొంచెంగా కావాలనే కాల్చుకుంటుంది, దాని కథ వేరు.

ఎంత మంచి ఆయిల్ పోసినా చలిలో నడిపే పద్ధతి సరిగ్గా లేకపోతే లాభం లేదు. కూలెంట్ వేడి చూపే ముల్లు మధ్యకి రాగానే బూస్ట్ ఎక్కిస్తారు చాలామంది. ఆయిల్ అంతకంటే ఆలస్యంగా వేడెక్కుతుంది, ముల్లు నిలబడ్డాక ఇంకో పది నిమిషాలు నెమ్మదిగా పోనివ్వండి. రోజూ రెండేసి కిలోమీటర్లే తిరిగే కారైతే పెట్రోలూ నీటి ఆవిరీ ఆయిల్‌లో చేరి, మళ్లీ బయటికి పోవు, ఆయిల్ పోసే మూత కింద మజ్జిగ మీగడలాంటిది పేరుకుంటుంది. అలాంటి కారుకి కిలోమీటర్లు లెక్కపెట్టకుండా నెలల లెక్కన ఆయిల్ మార్చాలి. బాగా చలి ఉన్నచోట బ్లాక్ హీటర్ (స్టార్ట్ చేయకముందే ఇంజిన్‌ని వేడిచేసే కరెంటు పరికరం) పెట్టించుకుంటే ఒక గ్రేడు తేడా కంటే ఎక్కువ ఉపయోగం కనిపిస్తుంది. గట్టిగా నడిపి వచ్చి వెంటనే తాళం తిప్పేయకండి, ఆగిన టర్బోలో ఆయిల్ మాడి బొగ్గవుతుంది. పోర్షె 944 టర్బో కారులో అందుకే ఇంజిన్ ఆగాక కూడా టర్బో చుట్టూ నీళ్లు తిప్పే కరెంటు పంపు పెట్టారు, ఆయిల్‌తోనే చల్లబడే పాత టర్బోలకి ఆ ఏర్పాటు లేదు కాబట్టి చివరి రెండు మూడు కిలోమీటర్లు మీరే నెమ్మదిగా రావాలి.

ఇన్నాళ్లూ మినరల్ ఆయిల్‌తో నడిచిన ఇంజిన్‌ని సింథటిక్‌కి మారుస్తుంటే ఒక జాగ్రత్త. కొత్త ఆయిల్ పాత మడ్డిని కడుగుతుంది, ఎండిపోయిన సీలుకి ఆ మడ్డే అడ్డుగా ఉండుంటే అక్కడ చెమ్మ కనిపించొచ్చు, దానికి ఆయిల్‌ని తిట్టకుండా సీలు మార్చండి. మొదటి విడత ఆయిల్‌ని పూర్తికాలం ఉంచకుండా రెండు వేల కిలోమీటర్లకే దించేసి, ఫిల్టరుని కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడండి. నల్లటి రవ్వ ఉంటే కడుగుతోందని అర్థం, ఇంకోసారి తొందరగా మార్చితే సరిపోతుంది. మెరిసే పొడి ఉంటే మాత్రం గ్రేడు సంగతి పక్కన పెట్టి ముందు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.