ఫోల్డ్ లెమ్మానా, డిస్క్రీట్ మోర్స్ సిద్ధాంతమా?

గ్రాఫ్ అంటే బిందువులు, వాటిని కలిపే గీతలు; దాన్నుంచి పుట్టే ఒక ఆకారాన్ని కనుక్కునే రెండు పద్ధతులివి. కాజీపేట, హనుమకొండ, వరంగల్‌లను వరుసగా గీతలతో కలపండి. ఏ రెంటి మధ్యా గీత లేని ఊళ్ల గుంపులే సింప్లెక్స్‌లైతే (బిందువు, రేఖాఖండం, త్రిభుజం లాంటి ముక్కలైతే), వాటితో ఏర్పడే ఆకారం ఇండిపెండెన్స్ కాంప్లెక్స్. కాజీపేటకు ఉన్న పొరుగు హనుమకొండ ఒక్కటే, అది వరంగల్‌కూ పొరుగే. ఒక బిందువు పొరుగులన్నీ మరోదానికీ పొరుగులైతే ఆ రెండోదాన్ని తీసేయొచ్చనేదే ఫోల్డ్ లెమ్మా. అందుకే దాని ప్రకారం వరంగల్‌ని తీసేసినా హోమోటోపీ రకం (చింపకుండా సాగదీసినా, కుదించినా మారని ఆకారం) మారదు. కాజీపేట, హనుమకొండల మధ్య గీత ఉంది కాబట్టి అవి ఒక గుంపు కావు; మిగిలేవి రెండు విడి బిందువులు. చెట్ల (వలయాలు లేని గ్రాఫ్‌ల) మీద నాకు ఇంతకంటే ఇష్టమైన పద్ధతి లేదు. కాకతీయ యూనివర్సిటీ ఎంఎస్సీ పిల్లలు దీనితోనే మొదలుపెట్టాలి.

ఐదు, ఆపైన శీర్షాలున్న (బిందువులున్న) వలయం ముందు మాత్రం ఫోల్డ్ లెమ్మా కదలదు. అక్కడ రాబిన్ ఫోర్మన్ 1998లో ప్రచురించిన డిస్క్రీట్ మోర్స్ సిద్ధాంతం పనికొస్తుంది. సింప్లెక్స్‌లను జతలు కట్టాలి, ఆ జతల బాట తిరిగి మొదటికి రాకూడదు. టెన్షన్ పెట్టేది ఈ షరతే. జత దొరకనివే ఆకారాన్ని చెబుతాయి: ఆరు శీర్షాల వలయానికి, ఒకే బిందువు దగ్గర కలిసిన రెండు వృత్తాలు.