కూలర్ ఉన్న గదికి వుడెన్ ఫ్లోరింగ్: ఏది మేలు?

కర్నూలులో ఇల్లు కడుతున్నవాళ్లు బండలు, టైల్స్ మాటలన్నీ అయ్యాక ఈమధ్య చివర్లో ఒకటి అడుగుతున్నారు. "పైన బెడ్‌రూమ్‌కి వుడెన్ ఫ్లోరింగ్ వేయిద్దామనుకుంటున్నాం సార్, ఏది మంచిది?" బెంగళూరులోనో హైదరాబాదులోనో పిల్లల ఫ్లాట్ చూసొచ్చిన ప్రభావం. తప్పేం లేదు. నేను మాత్రం తిరిగి ఒకటే అడుగుతాను: ఆ గదిలో ఏసీనా, కూలరా?

ఫ్లోరింగ్‌కీ కూలర్‌కీ ఏం సంబంధం అన్నట్టు చూస్తారు. నా లెక్కలో సగం జవాబు అందులోనే ఉంది.

కట్టె గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, వదిలేసి కుంచించుకుపోతుంది. పొడవులో ఆ తేడా లెక్కలోకి రాదు, అంతా వెడల్పులోనే. ఏడాది పొడవునా తేమ ఒకేలా ఉండే చోట కట్టె ఎక్కడో ఒకచోట కుదురుకుంటుంది. నెల్లూరు, విశాఖ వైపు కొంతవరకు జరిగేది అదే. మనకు ఆ వీలు లేదు. ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. సెప్టెంబరు వానల్లో తెల్లవారుజామున 80 దాకా పోతుంది. దీనికి తోడు కూలర్. తలుపులు మూసిన గదిలోకి రాత్రంతా తడిగాలి కొడితే తేమ 70 శాతం దాటడం మామూలే. పొద్దున దాన్ని ఆపి కిటికీలు తీశామా, వడగాలి. ఆరు నెలల్లో రావలసిన మార్పు ఆ గదిలో రోజుకొకసారి వస్తోందన్నమాట. ఇక ట్యాంకు నింపేటప్పుడు ఒలికే నీళ్లు, గడ్డి నుంచి కారే చుక్కలు ఉండనే ఉన్నాయి.

ఏసీ గాలిని ఆరబెడుతుంది. అదీ కట్టెకు పూర్తిగా నప్పదు గానీ, కనీసం ఎండాకాలమంతా గది ఒకే తీరున పొడిగా ఉంటుంది.

ముందు అసలు సిసలు టేకు పలకల సంగతి. పాత మిద్దె తీసేసిన ఒక పెద్దాయన, "మా తాతల నాటి దూలాలున్నాయి నాయనా, కోయించి పరిపిస్తే ఎట్లుంటుంది?" అన్నారు. ఆశ పుట్టే మాటే. అంత పాత టేకు కోతమిషన్ ఎక్కితే ఇప్పటికీ నూనె వాసన గుప్పుమంటుంది. అయితే కట్టె ఎంత పాతదైనా తేమకు కదలక మానదు. పలకలోని తేమ 7 శాతం నుంచి 12 శాతానికి పెరిగితే 5 అంగుళాల టేకు పలక మిల్లీమీటరు పైచిలుకు ఉబ్బుతుంది. అబ్బే, మిల్లీమీటరేగా అనిపిస్తుంది. 11 అడుగుల వెడల్పు గదిలో అలాంటివి 26 పడతాయి. అన్నీ కలిపితే అంగుళం దాటుతుంది. గోడల దగ్గర స్కర్టింగ్ కింద మనం వదిలే సందు అటు 10, ఇటు 10 మిల్లీమీటర్లు. మిగతాది ఎక్కడికి పోతుంది? పైకే లేస్తుంది. 3 అంగుళాల పలకలు, మధ్యమధ్య సందులు, చేయి తిరిగిన వడ్రంగి ఉంటే సాధ్యమే గానీ, ఎండాకాలం పలకల మధ్య గీతలు కనిపిస్తాయని తెలిసే వేయించుకోవాలి. పెద్దాయనను తలుపులకూ ఉయ్యాల బల్లకూ ఒప్పించాను. ఆ టేకుకు అంతకంటే మర్యాద ఏముంటుంది!

ఇక లామినేట్ గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే అందరూ మొదట దానిమీదే పడతారు. ధర తక్కువ, రంగులు బోలెడు, రెండు రోజుల్లో పని అయిపోతుంది. పైన కట్టె బొమ్మ అచ్చువేసిన పొర, లోపల కట్టె పొట్టు నొక్కి చేసిన బోర్డు. ఆ బోర్డు అంచుకు నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఎండినా మళ్లీ దిగదు. కూలర్ ఉన్న గదిలో కిటికీ వైపు రెండు వరసలు చూడండి: అతుకు మీద గోరు పెట్టి గీస్తే టక్కున తగులుతుంది. ఆ తర్వాత పనిమనిషి తడిబట్ట వేసిన ప్రతిసారీ ఆ అంచే ఇంకాస్త తాగుతుంది. తడిబట్ట వేయొద్దని ఎన్నాళ్లు చెబుతాం? మన ఇళ్లలో నేల తుడవడమంటే తడిబట్టే. కూలర్ గదికి లామినేట్ వద్దే వద్దు.

అసలు పోటీ ఇంజినీర్డ్ వుడ్‌కీ ఎస్పీసీకీ మధ్య.

ఇంజినీర్డ్‌లో పైన 3, 4 మిల్లీమీటర్ల నిజమైన టేకు కట్టో ఓక్ కట్టో ఉంటుంది. కింద ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి. ఒక పొర వెడల్పులో సాగబోతే పక్క పొర పొడవు దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే కదలిక బాగా తగ్గుతుంది. కాలికి తగిలేది నిజమైన కట్టె. గీతలు పడితే ఒకటి రెండుసార్లు పైపైన సాన పట్టించి మళ్లీ పాలిష్ వేసుకోవచ్చు. ధర మాత్రం లామినేట్‌కు రెండు మూడింతలు. కొనేటప్పుడు మొత్తం మందం కాదు, పై పొర మందం ఎంతో అడగండి. మిల్లీమీటరులోపు ఉంటే సాన పట్టే ముచ్చటే ఉండదు. చెదలకు ఇదీ తిండే, అది మరిచిపోవద్దు.

ఎస్పీసీ అంటే సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసిన పలక. నీళ్లకు ఉబ్బదు, చెద పట్టదు, తడిబట్టతో భయం లేదు. దాని శత్రువు ఎండ. పడమటి కిటికీ, కర్టెన్ లేదు, మే నెల సాయంత్రం. పలకలు వేడెక్కి సాగి అతుకుల దగ్గర లేస్తాయి. నడిస్తే కాస్త ప్లాస్టిక్ చప్పుడు వస్తుంది. కింద పలుచని ఫోమ్ షీటు వేస్తే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. గీత పడితే ఆ పలక మార్చడమే.

మనసుకు నచ్చేది ఏదంటే ఇంజినీర్డే అంటాను. ఏసీ ఉన్న పైఅంతస్తు గదికి, డబ్బు పెట్టగలిగితే, రెండో ఆలోచన వద్దు. కూలర్ తీసే ఉద్దేశం లేకపోతే ఎస్పీసీ వేయించుకుని పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ కట్టుకోండి.

వెదురు పలకలకూ ఈ తేమ బాధ తప్పదు. కట్టె డిజైన్ విట్రిఫైడ్ టైల్స్ అన్ని విధాలా నిశ్చింత, చూపుకే తప్ప కాలికి టైలే. బేతంచెర్ల బండలుండగా ఇవన్నీ ఎందుకంటారా? మిట్టమధ్యాహ్నం చాప కూడా లేకుండా బండ మీద పడుకునే సుఖం ఏ పలకా ఇవ్వదు, ఒప్పుకుంటాను. అందుకే హాలుకు బండ, బెడ్‌రూమ్ ఒక్కదానికే కట్టె అని చెబుతాను.

కింది అంతస్తుకు అసలు కట్టె మాటే ఎత్తనివ్వను. 2009 అక్టోబరు వరదలో మునిగిన కర్నూలు పాతబస్తీవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. వరద రాకపోయినా నేలలోంచి తేమ ఎగబాకుతుంది, దాని వెంట చెదలు. అయినా కావాలంటే రెండడుగుల పాలిథీన్ షీటు నేలమీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అతికించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు అడుగున చెమ్మ కనిపించినా, ఆ చోట నేల రంగు ముదిరినా ఇక ఆ ముచ్చట మానుకోవాలి.

వేయించే కాలం కూడా చూసుకోవాలి. వైశాఖంలో గృహప్రవేశం పెట్టుకుని, ముందువారం హడావిడిగా పలకలు బిగించేస్తారు. బొత్తిగా ఎండి కుంచించుకున్నప్పుడు సందు లేకుండా బిగిస్తే వానల్లో లేవక ఏం చేస్తాయి? భాద్రపదంలో బిగిస్తే వేసవికి సందులు పడతాయి. తేమ మధ్యస్థంగా ఉండే కార్తీకం నుంచి పుష్యం లోపు వేయించి, మాఘంలో గృహప్రవేశం పెట్టుకోండి. ఇంజినీర్డ్ అయితే పెట్టెలను కనీసం రెండు రోజులు అదే గదిలో ఉంచాకే పని మొదలుపెట్టమనండి. పనివాళ్లు తొందరపెడతారు, వినొద్దు.