బీఎండబ్ల్యూ ఈ39: 324 బ్రేకులు, కొత్త ముందు ఆర్మ్‌లు, ఏళ్ల వాడకం తర్వాత

1995–2003 మధ్య వచ్చిన ఈ39 (బీఎండబ్ల్యూ 5 సిరీస్‌లో ఒక తరం కోడ్) బండికి పార్టులు కొనేటప్పుడు "అన్ని మోడళ్లకీ పడుతుంది" అన్న మాట నమ్మొద్దు. ఆరు సిలిండర్ల బండికి ర్యాక్ స్టీరింగ్, వీ8కి (ఎనిమిది సిలిండర్లది) స్టీరింగ్ బాక్స్. అందుకే ముందు చక్రాల్ని బండికి కలిపే ఆర్మ్‌లు ఒకదానివి ఇంకోదానికి పట్టవు. ఛాసిస్ నంబరులో చివరి 7 అక్షరాలతో పార్ట్ నంబరు తీయించుకున్నాకే డబ్బు కట్టండి.

బ్రేకుల్లో కొంత వెసులుబాటు ఉంది. 525ఐకి వచ్చేది 296×22 మి.మీ. (వ్యాసం×మందం) డిస్కు, 530ఐది 324×30. పెద్దది వేయాలంటే కాలిపర్ (డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టేది), దాని బ్రాకెట్, డిస్కు వెనకుండే రేకు కూడా 324వే కావాలి. పాత రేకు అంచు డిస్కుకి రాసుకుంటుంది. బ్రాకెట్ బోల్టులకి 110 న్యూటన్ మీటర్ల బిగింపు. మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచాను, పెడల్ బాగానే ఉంది. ఊళ్లో తిరిగినంతసేపూ తేడా తెలియదు. నిండు బరువుతో కొండ దిగేటప్పుడు మాత్రం పట్టు సడలడం లేదు, నా దృష్టిలో ఖర్చు అక్కడే గిట్టింది.

బ్రేకు తొక్కగానే 80–100 కి.మీ. వేగంలో స్టీరింగ్ ఊగితే వెంటనే డిస్కుని తిట్టకండి. థ్రస్ట్ ఆర్మ్ (ముందు ఆర్మ్‌లలో ఒకటి) బుష్ చూడండి. లోపల ద్రవం నింపిన రబ్బరు అది. చిరిగితే అంచు వెంట నల్లటి జిడ్డు చార కనిపిస్తుంది. బుష్ పోయాక ఎన్ని కొత్త డిస్కులు వేసినా ఊపు మళ్లీ వస్తుంది. ఎడమ, కుడి ఆర్మ్‌లు వేరు, రెండువైపులా ఒకేసారి మార్చాలి. నట్లు కొత్తవే వాడాలి.

కొత్త బుష్‌లు తొందరగా చావడానికి నేను ఎక్కువగా చూసిన కారణం బిగించే తీరు. బండి జాకీ మీద, చక్రం వేలాడుతుండగా బుష్ బోల్టు పూర్తిగా బిగిస్తే, కిందికి దింపగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. ముందు వదులుగా పెట్టి, చక్రాల మీద బరువు పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. తర్వాత అలైన్‌మెంట్ తప్పదు. పాలీయురేథేన్ బుష్ ఎక్కువ కాలం వస్తుంది గానీ రోడ్డు గరుకంతా లోపలికి తెస్తుంది. ఈ బండికి నేను వేయను.

324 డిస్కు మీద 15 అంగుళాల రిమ్ము పట్టదు. డిక్కీలోని స్టెప్నీ 15దే అయితే, ముందు టైరు పంచరైన రోజున అది పనికిరాదు. దాన్నీ 16కి మార్చుకోండి.