రోడ్డు, ట్రాక్, కొండ: ఏడేళ్లు పరిగెత్తాక నాకు తెలిసింది

వైజాగ్‌లో ఏడేళ్లుగా పరిగెడుతున్నా. మొదటి నాలుగేళ్లూ బీచ్ రోడ్డే, వారానికోసారి ట్రాక్ మీద 400 మీటర్ల రిపీట్లు, అంటే ఒక రౌండ్ వేగంగా కొట్టి, కాస్త ఆగి మళ్లీ కొట్టడం. కొండలు మొదలుపెట్టి మూడేళ్లు దాటింది, ఎక్కువగా కైలాసగిరి, తొట్లకొండ, వాటి పక్కనున్న ఎర్రమట్టి దారులు. సింహాచలం మెట్ల మీద మాత్రం పరిగెత్తను, అది భక్తుల దారి.

అన్నిటికంటే ముందు కొండ మీద వాచ్‌లో పేస్, అంటే కిలోమీటరుకి పట్టే టైం, చూడ్డం మానెయ్యాలి. ఇది ఒప్పుకోడానికి నాకు ఆరు నెలలు పట్టింది. రోడ్డు మీద కిలోమీటరు 5:40లో హాయిగా పోయేవాణ్ణి, నిలువు ఎక్కుడులో 11 నిమిషాలు పడుతుంటే ఏదో తేడా చేసిందేమో అనుకుని ఇంకా గట్టిగా తొక్కేవాణ్ణి, సగం దూరానికే ఊపిరి అందేది కాదు. అసలు పెద్దపెద్దవాళ్ల లెక్కలే చూడండి, కెన్యా మారథాన్ రన్నర్ కిప్చోగే 2022లో బెర్లిన్ మారథాన్, అంటే 42.195 కిలోమీటర్లు, 2:01:09లో కొట్టాడు. స్విట్జర్లాండ్‌లో సియెర్-జినాల్ అనే కొండ రేసు 31 కిలోమీటర్లే, కానీ ఎక్కుడు 2,200 మీటర్ల దాకా ఉంటుంది, దాన్ని కొండ రేసుల్లో పేరుమోసిన కిలియన్ జోర్నెట్ లాంటివాడు 2019లో గెలిచినప్పుడు 2 గంటల 25 నిమిషాలు పట్టింది. అందుకే ఇప్పుడు నేను ఊపిరి లెక్కన పోతా, మాట్లాడలేనంత ఆయాసం వస్తే చేతులు తొడల మీద పెట్టుకుని గబగబా నడుస్తా. నిలువుగా ఉన్న చోట మంచి రన్నర్లూ నడుస్తారు.

ఎక్కడం కంటే దిగడమే కష్టం, ఇది ఎవరూ ముందు చెప్పరు. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బ్రేక్ వెయ్యాలి, ఆ దెబ్బ మర్నాటి కంటే రెండోరోజు ఎక్కువ తెలుస్తుంది. మొదటిసారి తొట్లకొండ మూడుసార్లు ఎక్కి దిగితే రెండురోజులు ఇంట్లో మెట్లు దిగలేకపోయా. మంచి విషయం ఏంటంటే మళ్లీ రెండు మూడు వారాల్లోపు ఇంకోసారి చేస్తే నొప్పి బాగా తగ్గుతుంది, కండరం అలవాటు పడిపోద్ది. పెద్ద అంగలు వెయ్యకుండా చిన్నచిన్న అడుగులు, చూపు పాదాల దగ్గర కాదు, నాలుగైదు అడుగుల ముందు. ఎర్రమట్టి మీద సన్న గులకరాళ్లుంటే రోడ్డు షూస్ జర్రుమంటాయి, నాకు రెండుసార్లు చీలమండ మడతపడింది, మట్టి దారుల్లో పట్టు దొరికే ట్రైల్ షూస్ కొన్నాక మళ్లీ ఆ బాధ లేదు.

రోడ్డుకి కొండ ఏం ఇచ్చింది అంటే, చివరి కిలోమీటర్లలో కాళ్లలో బలం. హాఫ్ మారథాన్‌లో, అంటే 21 కిలోమీటర్ల పరుగులో, 17 దాటాక కాళ్లు బరువెక్కిపోయేవి, ఇప్పుడు అది పోయింది. కానీ స్పీడు మాత్రం కొండ ఇవ్వదు. నాలుగు నెలలు ట్రాక్ వదిలేసి కొండలే తిరిగితే నా 5కె (5 కిలోమీటర్ల) టైం దాదాపు నిమిషం వెనక్కి పోయింది. ట్రాక్‌లో ఎండా గాలీ తప్ప అడ్డమేదీ లేదు, 25 రౌండ్లు తిరిగితే సరిగ్గా 10 కిలోమీటర్లు, ఒంట్లో ఎంత ఉందో అక్కడే తేలుతుంది. నాకు ఎక్కువ ఇష్టం కొండే, అయినా మంగళవారం ట్రాక్ మళ్లీ పెట్టుకున్నా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వర్షం పడ్డ మర్నాడు వెళ్లొద్దు, రాళ్ల మీద పాచి ఉంటుంది. ఒక్కరే వెళ్తుంటే ఏ దారిలో దిగుతారో ఇంట్లో చెప్పి వెళ్లండి. మొదటి నెల వారానికి ఒక్క కొండ చాలు, దాని తర్వాత రెండు రోజులు లాంగ్ రన్ (ఎక్కువ దూరం పరుగు) పెట్టుకోకండి.