విశాఖ–భీమిలి తీరానికి ఏ గేలం రాడ్డు?

విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు వెంట గేలం వేసేవాళ్ళకు మూడు రకాల చోట్లున్నాయి. రుషికొండ ఇసుక, మంగమారిపేట బండలు, భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ. రాడ్డు కొనేముందు ధర కన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఈ మూడింటిలో ఎక్కువసేపు ఎక్కడ నిలబడతారన్నది.

రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే) గుర్తింపు వచ్చింది. ఈతకొచ్చేవాళ్ళూ సర్ఫింగ్ చేసేవాళ్ళూ ఎక్కువ. తెల్లవారుజామున తప్ప అక్కడ గేలం విసరకూడదు, గుచ్చుకుంటే ప్రమాదం. విరిగే అలల మీదుగా దారాన్ని ఎత్తి పట్టాలి కాబట్టి 10 అడుగుల రాడ్డు సుఖం. కానీ ఒక్క రుషికొండ కోసమే 10 అడుగులది కొనక్కర్లేదు.

మంగమారిపేట బండల దగ్గర సీసం గుండ్లు రాళ్ళలో ఇరుక్కుని తెగిపోతుంటాయి. గుండును అసలు దారానికి నేరుగా కట్టకుండా, సన్నటి నాసిరకం దారం ముక్కతో వేలాడదీయండి. ఇరుక్కుంటే అదే తెగుతుంది, గేలమూ చేపా మిగులుతాయి. పూటకు పది గుండ్లయినా వెంట ఉండాలి. నాచు మీద చెప్పులతో నిలబడొద్దు, సముద్రానికి వీపు పెట్టొద్దు.

మూడింటిలో మేలైనది భీమిలి మొగే. పోటు తగ్గి నీరు సముద్రంలోకి లాగుతున్నప్పుడు రొయ్యలూ చిన్న చేపలూ నదిలోంచి కొట్టుకొస్తాయి. వాటికోసం పండుగప్ప ఆ ఒరవడి అంచునే కాచుకుంటుంది. ముప్పై నలభై మీటర్ల విసురు చాలు. వానలకూ వరదలకూ ఇసుకదిబ్బలు చోటు మారుతుంటాయి. కిందటేడు నిలబడ్డ చోటే మళ్ళీ వెతక్కుండా, పోటు తగ్గినప్పుడు ఒకసారి నడిచి చూసుకోండి. ఒడ్డున జాలర్లు అలివి వల (సముద్రంలో చుట్టూ వేసి ఒడ్డుకు లాగే పెద్ద వల) లాగుతున్నారంటే అది పూర్తయ్యేదాకా ఆగాలి. అది వాళ్ళ బతుకుతెరువు.

ఈ మూడు చోట్లకూ కలిపి ఒకే రాడ్డు కొనాలంటే: 9 అడుగులు, 20 నుంచి 60 గ్రాముల బరువు విసరగలిగేది, ఫైబర్ గ్లాసూ కార్బనూ కలిసిన రకం. పూర్తి కార్బన్ తేలిగ్గానే ఉంటుంది, కానీ బండకు తగిలి గీత పడితే తర్వాతి విసురులో అక్కడే విరుగుతుంది. పూర్తి గ్లాసు మొండిదే, గంటసేపటికి మణికట్టు లాగేస్తుంది. 60 గ్రాములని రాసి ఉంటే ఎరతో కలిపి 50 దాటనివ్వకండి. జెట్టీ మీద నుంచి నేరుగా కిందికి వదలడానికైతే 7 అడుగులది చాలు. చేపను రాడ్డుతో నిలువునా పైకి లాగితే కొన విరుగుతుంది, తాడు కట్టిన వల దించి ఎత్తాలి. పోర్టు, ఫిషింగ్ హార్బర్ జెట్టీల మీద అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు.

షాపులో బ్రాండు పేరు కన్నా దారం దూరే రింగులు చూడండి. లోపల సిరామిక్ ఉండాలి. ఉత్త లోహపు రింగులో అల్లిన దారం గాడి పెడుతుంది, ఆ గాడే తర్వాత దారాన్ని కోస్తుంది. ప్రతి రింగులోంచీ దూది లాగి చూడండి. పోగు చిక్కిందంటే అక్కడ పగులుంది. ఫ్రేము స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి, పూత పూసిన ఇనుము ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది. ఒకదానిలోంచి ఒకటి బయటికొచ్చే టెలిస్కోపిక్ రాడ్డు ప్రయాణానికి ముచ్చటగా ఉన్నా, అతుకుల్లో ఇసుక చేరితే ముడుచుకోదు. మూడు ముక్కలదైతే ఒక్కో ముక్క మూడడుగుల పైచిలుకు ఉంటుంది. రెండు మూతల పీవీసీ పైపులో పెడితే రైల్లో సీటు కింద పట్టేస్తుంది.

మొత్తం 5,000 రూపాయల బడ్జెట్టయితే రాడ్డుకు 2,000, దారం చుట్టే రీలుకు (4000 సైజుది) 2,500, మిగతాది దారానికి పెట్టండి. 20 పౌండ్ల లాగుడు తట్టుకునే అల్లిన దారం, చివర మీటరున్నర 40 పౌండ్ల నైలాను. డ్రాగ్‌ను (చేప లాగితే దారాన్ని బిగువుగా వదిలే రీలు బ్రేకు) రెండున్నర, మూడు కిలోల లాగుడుకు బిగిస్తే చాలు. అంతకు మించితే తెగేది ముడి దగ్గరే.

బస భీమిలిలోనే మంచిది. రుషికొండ హోటళ్ళు సౌకర్యంగా ఉంటాయి, ధరా ఎక్కువే. మే నెలాఖరులో విశాఖలో ఐదుంబావు దాటగానే పొద్దు పొడుస్తుంది, ఆలోపే మొగ దగ్గరుండాలి. 900కె బస్సు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్తుంది గానీ, సిటీలో బస చేసి తెల్లారగట్ల దాన్ని నమ్ముకుంటే మంచి సమయం దారిలోనే గడిచిపోతుంది. గది అడిగేటప్పుడు రెండు సంగతులు తేల్చుకోండి. చెకౌట్ ఇరవై నాలుగు గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండా? రాడ్డూ రీలూ కడుక్కోవడానికి బయట కుళాయి ఉందా?

కడిగేటప్పుడు డ్రాగ్ నాబ్ బిగించి, నెమ్మదైన ధారతోనే మంచినీళ్ళు పోయాలి. జోరుగా కొడితే ఉప్పు రీలు లోపలికే పోతుంది. ఆరాక నాబ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి, లేకపోతే లోపలి వాషర్లు అణిగి అతుక్కుపోతాయి.